పథకాలు అందిన ఊళ్లలోనే ఓటు ఎందుకు మారింది? వరంగల్ నుంచి ఒక జవాబు

పాత వరంగల్ జిల్లాలోని ఒక పల్లె నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "మా ఊళ్లో రైతుబంధు పడని పట్టాదారు లేడు, పింఛను రాని ముసలవ్వ లేదు. చెరువు నిండింది, కరెంటు పోలేదు. అయినా తొమ్మిదిన్నరేళ్లు ఏలిన బీఆర్ఎస్‌ను (పాత టీఆర్ఎస్) 2023లో ఇక్కడ ఓడించారు. మా బాపు తెలంగాణ ఉద్యమంలో రైలు పట్టాల మీద కూర్చున్న మనిషి. 2021లో ఇంటి కోసం కాగితం పట్టుకుని ఎమ్మెల్యే దగ్గరికి పోయొచ్చాడు, అప్పటి నుంచి రాజకీయం మాటే ఎత్తడు. ఎవరికి వేశాడో ఇప్పటికీ చెప్పడు. జనంలో ఆ విసుగు ఎందుకు వచ్చింది? ఎన్నికలకు ముందే దాన్ని గుర్తుపట్టొచ్చా?"

తమ్ముడూ, నా మాటకు ఆధారమేమిటో ముందు చెప్తాను. నేను 24 ఏళ్లు పత్రికా విలేకరిగా పనిచేశాను. మొదట మండల కంట్రిబ్యూటర్‌ని, తర్వాత హన్మకొండలో స్టాఫ్ రిపోర్టర్‌ని. మూడు ఎన్నికల్లో సర్వే చేసేవాళ్లతో కలిసి ఊళ్లు తిరిగాను. ఏ పార్టీ సభ్యత్వం తీసుకోలేదు. నేను చూసింది ఎక్కువగా ఓరుగల్లు చుట్టుపక్కల పల్లెలే, కాబట్టి అక్కడి సంగతులే ఎక్కువ చెప్తాను.

ఇన్నేళ్లలో నాకు అర్థమైన విషయం ఒకటుంది. పథకం రాలేదని జనం తిట్టుకుంటారు, కొట్లాడతారు, మళ్లీ అదే పార్టీకి ఓటేస్తారు. తమకు అన్యాయం జరిగినప్పుడు చెప్పుకుందామంటే పోవడానికి గడప లేదని తెలిసిన రోజు మాత్రం తిట్టడం కూడా మానేస్తారు. అక్కడి నుంచి ఓటు జారడం మొదలవుతుంది. మీ బాపు విషయంలో కూడా నాకు అదే కనిపిస్తోంది, చివర్లో చెప్తాను.

ముందు న్యాయంగా ఒప్పుకోవాల్సినవి ఒప్పుకోవాలి. 2014కు ముందు వ్యవసాయానికి కరెంటు విడతలుగా వచ్చేది. రాత్రి రెండింటికో మూడింటికో లైన్ ఇస్తే టార్చిలైటు పట్టుకుని బావి కాడికి పోయి, పాము కరిచి చనిపోయిన రైతుల వార్తలు నేనే రాశాను. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక అలాంటి వార్త రాయాల్సిన అవసరం చాలా తగ్గింది. మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువులు చాలా ఊళ్లలో నీళ్లు పట్టుకున్నాయి. 200 రూపాయల పింఛను మొదట 1,000 అయింది, తర్వాత 2,016 అయింది. రైతుబంధు 2018 మేలో పంటకు ఎకరానికి 4,000తో మొదలై 5,000 అయింది. ఆ ఏడాది డిసెంబరు ఎన్నికల్లో 119 సీట్లలో 88 ఇచ్చి జనం తమ సంతోషం చూపించారు. మన పాత జిల్లాలో 12కు 10 ఇచ్చారు. అంటే జనానికి మంచి చేసింది కనపడలేదని, గుర్తులేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2023లో కూడా పథకాలు గుర్తుపెట్టుకునే ఓటేశారు.

మరి ఏమైంది? ఊళ్లో మనిషికి ఆపదో అవసరమో వస్తే వరుసగా ఎక్కే గడపలు కొన్ని ఉంటాయి. వార్డు మెంబరు, సర్పంచి, ఎంపీటీసీ, వీఆర్వో, ఎమ్మార్వో ఆఫీసు, అన్నీ అయ్యాక ఎమ్మెల్యే. 2018 తర్వాతి అయిదేళ్లలో మధ్యలో ఉన్న గడపలు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

వీఆర్వోలను లంచగొండులని ఊరంతా తిట్టేది, ఆ తిట్లలో నిజం ఉంది. 2020 సెప్టెంబరులో ఆ వ్యవస్థను రద్దు చేసినప్పుడు ఊళ్లలో పటాకులు కాల్చడం నేను చూశాను. అక్టోబరు 29న భూముల రికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేరోజు అయిపోవడం చాలామందికి నిజంగా మేలు చేసింది. కానీ పాస్‌బుక్కులో అయిదు గుంటలు తక్కువ పడ్డా, తండ్రి పేరు తప్పు పడ్డా, పట్టా భూమి పొరపాటున నిషేధిత జాబితాలోకి ఎక్కినా సరిచేసే అధికారం కలెక్టర్ లాగిన్‌కు పోయింది. రైతు మీసేవలో డబ్బు కట్టి దరఖాస్తు పెట్టేవాడు. నెలలు గడిచేవి. ఒకరోజు రిజెక్ట్ అయిందని ఫోన్‌కు మెసేజ్ వచ్చేది. ఎందుకైందో చెప్పే మనిషి మండలంలో ఉండేవాడు కాదు. వీఆర్వో ఉన్నప్పుడు కనీసం అతని ఇంటి ముందు కూర్చుని అరిచేవాళ్లు. ఆ అరుపుకు కూడా ఒక విలువ ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మన జిల్లాలో తెల్ల కాగితం మీద రాసుకుని కొన్న భూములు ఎన్నో నీకు తెలుసు. ఆ సాదాబైనామాలను రెగ్యులరైజ్ చేస్తామంటే 2020లో రాష్ట్రమంతా సుమారు 9 లక్షల దరఖాస్తులు వచ్చాయి. ఆ ఏడాదే వచ్చిన కొత్త రెవెన్యూ చట్టంలో వాటికి చోటు లేకపోవడంతో విషయం హైకోర్టుకు పోయి ఆగింది. ఇరవై, ముప్పై ఏళ్లుగా దున్నుకుంటున్న భూమికి పాస్‌బుక్కు రాలేదు. పాస్‌బుక్కు లేకపోతే రైతుబంధు వచ్చేది కాదు, రైతు చనిపోతే ఇంటికి వచ్చే 5 లక్షల బీమా కూడా వచ్చేది కాదు. ఆ భూమి రికార్డుల్లో అమ్మినవాడి కొడుకు పేరు మీద ఉంటే, అతను హైదరాబాదులో ఉన్నా, డబ్బు అతని ఖాతాలో పడేది. కౌలు రైతుది ఇంకా కష్టం. పాత పహాణీలో, అంటే ఊరి భూమి రికార్డులో, అనుభవదారు అని ఒక గడి ఉండేది, దున్నేవాడి పేరు కనీసం అక్కడైనా కనపడేది. అది పోయింది. ఎకరానికి వేలకు వేలు కౌలు కట్టి మిర్చి పెట్టినవాడు, తన కళ్ల ముందే భూమి యజమానికి రైతుబంధు మెసేజ్ రావడం చూశాడు. రానివాడి బాధ వేరు, పక్కవాడికి తన చెమట మీద రావడం చూసినవాడి బాధ వేరు.

సర్పంచుల గడప సంగతి. 2019 జనవరిలో గెలిచినవాళ్లు వైకుంఠధామాలు, రైతు వేదికలు, పల్లె ప్రకృతి వనాలు అప్పు తెచ్చి కట్టారు. బిల్లులు ఆగాయి. అధికార పార్టీ సర్పంచులే వడ్డీలు కట్టలేక భార్యల పుస్తెలతాళ్లు కుదువపెట్టారు. తన బిల్లే తెచ్చుకోలేని సర్పంచి దగ్గరికి ఊరివాళ్లు ఏం అడగడానికి పోతారు?

ఇక మిగిలింది ఎమ్మెల్యే గడప ఒక్కటే. ఆడబిడ్డ పెళ్లికి ఇచ్చే కల్యాణలక్ష్మి సాయం దరఖాస్తుకు ఎమ్మెల్యే సంతకం, చెక్కు ఎమ్మెల్యే చేతుల మీదుగా. దళితబంధు జాబితా ఎమ్మెల్యే చేతిలో. డబుల్ బెడ్రూం ఇళ్లకూ ఆ గడపే. ఊరికి సంబంధించిన ప్రతి మంచీ ఒకే మనిషి చేతి మీదుగా పోయేలా చేస్తే ఎన్నికల్లో ఆయనకు లాభమని అనుకున్నారు. కానీ రాని ప్రతిదానికీ కూడా ఆయనొక్కడే జవాబుదారీ అవుతాడన్నది మరిచిపోయారు.

ఒక మండల కేంద్రంలో చెక్కుల పంపిణీకి పోయాను. పదకొండింటికి అన్నారు. షామియానా కింద అరవై, డెబ్బై మంది తల్లులు కూర్చున్నారు. రెండు దాటాక కార్లు వచ్చాయి. పక్కన ఒకామె ఒళ్లో ఆరు నెలల మనవడు ఏడుస్తున్నాడు. బిడ్డ పెళ్లికి పెట్టిన దరఖాస్తు అది, చెక్కు వచ్చేసరికి పెళ్లయిన బిడ్డకు బాబు పుట్టాడు. అయినా ఆమెకు కోపం లేదు. లక్షా నూటపదహారు అంటే మాటలా అంది. తర్వాత చెక్కు చేతిలో పెట్టి ఫొటో కోసం పట్టుకుని నిలబెట్టారు. ఆమె ఏదో చెప్పబోయింది. పక్కనున్న అనుచరుడు మోచేయి పట్టుకుని పక్కకు జరిపాడు, వెనక లైన్ ఉంది కదా. బయటికొచ్చాక ఏం చెప్పాలనుకున్నావు అమ్మా అని అడిగాను. "మా ఆయినకు కిడ్నీలు పోయినయ్ సారూ. వరంగల్ దవాఖానల చెప్పిస్తడేమోనని." చెక్కును చీర కొంగులో ముడేసుకుంటూ అంది. ఆమె ఆ పార్టీకే ఓటేసి ఉండొచ్చు. కానీ ఆ ఊళ్లో ఆరోజు సాయంత్రం ఆమె చెప్పుకున్నది చెక్కు గురించి కాదు, మోచేయి గురించి.

దళితబంధు మరీ నొప్పి కలిగించింది. 2021 ఆగస్టు 16న హుజూరాబాద్ నియోజకవర్గం శాలపల్లిలో మొదలుపెట్టారు, కుటుంబానికి 10 లక్షలు. ఉప ఎన్నిక ఉందని అక్కడ అందరికీ, మిగతా నియోజకవర్గాల్లో మొదట వంద మందికి. ఊళ్లో ఎనభై దళిత ఇళ్లుంటే ఇద్దరికి వచ్చాయి. ఆ ఇద్దరు ఎవరో ఊరికి ముందే తెలుసు. మిగిలిన డెబ్బై ఎనిమిది ఇళ్లు అంతకుముందు ఏమీ ఆశించలేదు, ఇప్పుడు ఆశించి రాలేదు. ఆశ పెట్టని ప్రభుత్వం మీద కంటే ఆశ పెట్టి దాటిపోయిన ప్రభుత్వం మీద మనసు ఎక్కువ విరుగుతుంది. అయినా ఆ ఉప ఎన్నికలో హుజూరాబాద్ జనం, టీఆర్ఎస్ విడిచి బీజేపీ నుంచి నిలబడ్డ ఈటల రాజేందర్ గారినే గెలిపించారు. పది లక్షలకు ఓటు రాదని అక్కడే తేలింది. 2023 ఏప్రిల్‌లో పార్టీ ప్రతినిధుల సభలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారే, దళితబంధులో వసూళ్లు చేసిన ఎమ్మెల్యేల చిట్టా తన దగ్గర ఉందని హెచ్చరించారు. ఆ మాట పల్లెల్లో చాలా ఆశ పుట్టించింది. "పెద్దసారుకు తెల్సింది, ఇగ చూడుండ్రి" అని టీ హోటళ్లలో అన్నారు. ఆగస్టు 21న 115 మంది అభ్యర్థుల జాబితా వచ్చింది. దాదాపు అందరూ పాతవాళ్లే. ఆరోజు నేను పరకాల బస్టాండు దగ్గర ఉన్నాను. పేపర్లు ఇంకా రాలేదు, ఫోన్లలో చూసుకుంటున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని బస్సెక్కారు.

వడ్ల కాంటా గురించి చెప్పకుండా ఈ జవాబు పూర్తి కాదు. 2023 యాసంగి. ఆ ఏప్రిల్ చివర్లో అకాల వానలు ఎంత పని చేశాయో మీ ఇంట్లో కూడా గుర్తుండే ఉంటుంది. నర్సంపేట రోడ్డు మీద వడ్లు కొనే ఒక ఐకేపీ సెంటర్లో ఒక నాలుగెకరాల రైతు పదహారు రోజులుగా పడిగాపులు కాస్తున్నాడు. వాన వస్తే పరదాలు కప్పడం, ఎండ వస్తే తీసి కాళ్లతో వడ్లు తిరగేయడం, రాత్రి అక్కడే పడుకోవడం. తేమ మిషన్ పెడితే 17 శాతం లోపే వచ్చింది. కాంటా మొదలైంది. సంచి బరువు కలిపి 40 కిలోల 600 గ్రాముల దగ్గర ఆగాల్సిన అంకె 42 కిలోల 600 దగ్గర ఆగుతోంది. పైన రెండు కిలోలు తరుగు. సెంటర్ నడిపే మహిళా సంఘం అక్కను అడిగితే, "నేనేం చెయ్యాలె అన్నా, గట్ల జోకకుంటె మిల్లు కాడ లారీ దింపుకుంటలేరు" అంది. ఆమెదీ నిజమే. ఆ రైతు బీడీ కట్ట కాగితం వెనక లెక్క రాశాడు. 250 బస్తాలు, బస్తాకు 2 కిలోలు, మొత్తం 5 క్వింటాళ్లు. ఏ గ్రేడు మద్దతు ధర 2,060. మొత్తం 10,300 రూపాయలు. ఆ పంటకు ఆయనకు వచ్చిన రైతుబంధు 20,000. కాగితం నాకు చూపించి ఆయన అడిగింది డబ్బు గురించి కాదు. "సగం ఈడనే పాయె. సరే పోనీ. ఇది ఎవలను అడగాలె, నువ్వు చెప్పు?" వ్యవసాయాధికారిని అడిగితే తహసీల్దారు అన్నాడట, అక్కడికి పోతే సివిల్ సప్లయిస్ అన్నారట, మిల్లరును అడిగితే నూక ఎక్కువొస్తుంది అన్నాడట. నేను విలేకరిని, నా దగ్గర కూడా జవాబు లేదు. వార్త రాశాను. తరుగు ఆగలేదు.

పట్నంలో పిల్లల సంగతి నీకు నాకంటే బాగా తెలుసు. హన్మకొండ రూముల్లో ఊరి నుంచి వచ్చిన బియ్యం వండుకుని గ్రూప్స్‌కు చదివినవాళ్ల పరిస్థితి చూడు. 2022 అక్టోబరు 16న గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశారు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. నీళ్లు, నిధులు, నియామకాలు అని పిల్లలు కాకతీయ యూనివర్సిటీలో లాఠీదెబ్బలు తిన్న జిల్లా ఇది. మూడో మాట మీద జరిగిన అన్యాయం మిగతా రెండింటినీ కూడా జనం మళ్లీ లెక్కపెట్టుకునేలా చేసింది. అక్టోబరు 21న కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి, పోలింగుకు అప్పటికి సరిగ్గా నలభై రోజులు. దానివల్లే ఓడిపోయారని కొందరంటారు, నేను అనుకోను. అప్పటికే మనసులో అనుకున్నవాళ్లకు అది బయటికి చెప్పుకోవడానికి ఒక కారణం అయింది, అంతే. పార్టీ పేరులోంచి తెలంగాణ తీసేయడం కూడా అలాంటిదే. 2022 దసరా నాడు టీఆర్ఎస్ బీఆర్ఎస్ అయింది. జయశంకర్ సార్ పుట్టిన అక్కంపేట ఉన్న జిల్లాలో, అమరవీరుల స్తూపాలు ఉన్న ఊళ్లలో, ఆ పేరు మార్పును పెద్దవాళ్లు నోటితో విమర్శించలేదు. కానీ పాత పేరుతోనే పిలుస్తూ పోయారు. చివరిదాకా "టీఆర్ఎస్" అనే అన్నారు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. ముందే గుర్తుపట్టొచ్చా అంటే, పట్టొచ్చు. కానీ ఎక్కువమంది చూసే చోట కాదు.

సభలకు వచ్చే జనాన్ని చూసి చెప్పలేం. 2021 ఏప్రిల్‌లో వరంగల్ కార్పొరేషన్ ఎన్నికల్లో 66 డివిజన్లలో 48 అధికార పార్టీకే వచ్చాయి, రెండున్నరేళ్లకు అదే నగరంలో రెండు అసెంబ్లీ సీట్లూ పోయాయి. స్థానిక ఎన్నికల్లో జనం డ్రైనేజీ, సీసీ రోడ్డు చూసి, ప్రభుత్వంలో ఉన్నవాళ్లయితే పని అవుతుందని వేస్తారు. ఉప ఎన్నికలు కూడా నమ్మలేం. దుబ్బాక, హుజూరాబాద్ పోయాయి, మధ్యలో నాగార్జునసాగర్, చివర్లో మునుగోడు గెలిచారు. ఏది పట్టుకుని చెప్తావు?

నేను నమ్మేది మాట ఆగిపోవడాన్ని. 2018లో ఊళ్లలోకి పోతే గొడవే గొడవ. ఒకరు పొగుడుతారు, ఇంకొకరు తిడతారు, అరుగు మీద కుస్తీ పట్టేంత పని అవుతుంది. ఆ తిట్టినవాళ్లలో సగం మంది చివరికి కారు గుర్తుకే వేశారు. 2023 అక్టోబరులో ఎవరిని అడిగినా "చూద్దాం తియ్", "ఇంక టైముంది గద", "ఎవలస్తె ఏంది" అన్నారు. ఐనవోలు వైపు ఒక టీ హోటల్లో కూర్చున్నప్పుడు సభ నుంచి తిరిగొస్తున్న డీసీఎం వ్యాను ఆగింది. ముప్పై మంది దాకా దిగారు. మెడలో గులాబీ కండువాలు. ఒకాయన కండువా తీసి ముఖం తుడుచుకుని, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. టీ తాగినంతసేపు మాట్లాడింది కోతుల గురించి. మక్క చేనులో కంకి మిగలనివ్వడం లేదట. తర్వాత మిర్చి ధర, ఎనుమాముల మార్కెట్లో ఆరోజు ఎంత పలికిందో. రెండు గంటలు ఎండలో కూర్చుని పెద్ద నాయకుల మాటలు విని వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా ఆ మాటల గురించి ఒక్క ముక్క అనలేదు, మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. ఆరోజు రాత్రి మా డెస్కులో చెప్పాను, ఈసారి మన దగ్గర పరిస్థితి బాగాలేదని. ఎవరూ నమ్మలేదు, ఎందుకంటే ఆ సభ ఫొటోలో ఇసుక వేస్తే రాలనంత జనం ఉన్నారు.

ఇంకో గుర్తు చెప్తాను. పెద్ద నాయకుణ్ని, చిన్న నాయకుణ్ని జనం విడదీసి మాట్లాడటం. "పెద్దసారు మంచోడే, గీ ఎమ్మెల్యేతోటే" అన్న మాట 2022లో ప్రతి ఊళ్లో విన్నాను. ఆ దశలో పార్టీ బాగుపడొచ్చు, మనిషిని మారిస్తే సరిపోతుంది. 2023 వర్షాకాలం దాటేసరికి రెండో ముక్క ఒక్కటే మిగిలింది, పెద్దసారు ప్రస్తావన మాయమైంది. నేను దీన్ని ఊరికే అనడం లేదు, ఫలితాలు చూడు. పాత వరంగల్ జిల్లాలో అప్పటికి ఆ పార్టీకి 11 మంది ఎమ్మెల్యేలు, 2018లో గెలిచిన 10 మంది, కాంగ్రెస్ నుంచి వచ్చి చేరిన భూపాలపల్లి ఎమ్మెల్యే. వీళ్లలో తొమ్మిది మందికి మళ్లీ టికెట్ ఇచ్చారు. తొమ్మిది మందీ ఓడిపోయారు. పాలకుర్తిలో ఎన్నికల్లో ఎన్నోసార్లు గెలిచిన మంత్రి ఎర్రబెల్లి దయాకర్ రావు గారిని 26 ఏళ్ల యశస్వినిరెడ్డి గారు 47 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడించారు. అభ్యర్థిని మార్చింది రెండు చోట్ల, స్టేషన్ ఘన్‌పూర్, జనగామ. జిల్లాలో పార్టీ గెలిచింది కూడా సరిగ్గా ఆ రెండే. మార్చితే చాలునని కూడా చెప్పలేను, వేములవాడలో, ఖానాపూర్‌లో మార్చినా ఓడారు. కానీ మన జిల్లాలో ఎమ్మెల్యే గడప మీద ఎంత కోపం ఉందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం నాకు దొరకలేదు.

ఆ కోపం ఏ పార్టీకి పోయిందన్నది కూడా గమనించాలి. గెలిచిన పార్టీ మీద ప్రేమ పుట్టిందని అందరూ రాశారు. నేను తిరిగినంతవరకు ఎక్కువమంది చూసుకున్నది, ఇక్కడ ఈయన్ని ఓడించగలిగేది ఎవరు అని. మన దగ్గర, కరీంనగర్‌లో ఎక్కువగా కాంగ్రెస్‌కు పోయింది. పాత ఆదిలాబాద్ పది సీట్లలో బీజేపీకి నాలుగు, కాంగ్రెస్‌కు నాలుగు వచ్చాయి. కామారెడ్డిలో అయితే అప్పటి ముఖ్యమంత్రిని, తర్వాతి ముఖ్యమంత్రిని ఇద్దరినీ పక్కనపెట్టి స్థానికుడైన బీజేపీ అభ్యర్థిని గెలిపించారు. వరంగల్ తూర్పులో కొండా సురేఖ గారు గెలిస్తే రెండో స్థానంలో బీజేపీ ఉంది, అధికార పార్టీ మూడో స్థానానికి పోయింది. ఓరుగల్లుకు ఇది కొత్త కాదు. 1984లో దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే, హన్మకొండ లోక్‌సభ సీట్లో మన వంగర పీవీ నరసింహారావు గారినే ఓడించి జంగారెడ్డి గారిని పంపారు. ఆ ఎన్నికల్లో బీజేపీకి దేశం మొత్తం మీద వచ్చిన రెండు సీట్లలో ఒకటి అది.

నువ్వు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. 2018లో టీఆర్ఎస్‌కు 47 శాతం దాకా ఓట్లు వచ్చాయి, 2023లో 37 దాటాయి. నూటికి పది మంది మారారు, అంతే. కాంగ్రెస్‌కు వచ్చినవి 39 పైచిలుకు. సీట్లు మాత్రం కాంగ్రెస్‌కు 64, బీఆర్ఎస్‌కు 39. అంటే నీ ఊళ్లో వంద మందిని అడిగితే తొంభై మంది ఎప్పటిలాగే మాట్లాడతారు. ఆ మారిన పది మందే అసలు నోరు విప్పరు. సర్వేవాళ్లు తప్పిపోయేది అక్కడే. ట్యాబ్ పట్టుకుని వచ్చిన కుర్రాడు అడిగితే, పింఛను జాబితాలో పేరున్న అవ్వ అధికార పార్టీ పేరే చెప్తుంది. ఎందుకొచ్చిన టెన్షన్ అనుకుంటుంది. నేను ఎవరికి వేస్తావు అని అడగడం 2009 తర్వాతే మానేశాను. మీ ఊరి పక్కింటివాళ్లు ఎవరికి వేస్తారనుకుంటున్నావు అని అడుగుతాను. పక్కింటివాళ్ల పేరు మీద తన మనసు చెప్పేస్తారు. ఇంకో ప్రశ్న, ఈ ఏడాదిలో ఏదైనా పని మీద ఎవరి దగ్గరికైనా పోయావా, ఏమన్నారు అని. దానికి వచ్చే జవాబు చాలాసేపు ఉంటుంది, మధ్యలో ఆపకూడదు.

ఇప్పుడు పాలిస్తున్నవాళ్లకైనా, రేపు వచ్చేవాళ్లకైనా నేను ఇదే చూస్తాను. గ్యారంటీలు ఎన్ని అమలయ్యాయన్నది పేపర్లో లెక్క దొరుకుతుంది. కాంటా దగ్గర తరుగు తీస్తే రైతు ఎవరి దగ్గరికి పోగలుగుతున్నాడు, పోతే కుర్చీ వేస్తున్నారా, సర్పంచికి తన బిల్లు వస్తోందా అన్నది ఊళ్లోకి పోతేనే తెలుస్తుంది.

ఇంట్లో ఎవరైనా విసుగొచ్చి ఓటే వేయనంటే మాత్రం ఊరుకోవద్దు. నోటా నొక్కితే అభ్యర్థులు ఓడిపోతారని చాలామంది అనుకుంటారు. నోటాకు అందరికంటే ఎక్కువ వచ్చినా తర్వాతి స్థానంలో ఉన్న అభ్యర్థే గెలుస్తాడు. బూత్‌వారీగా ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి వెబ్‌సైట్లో పెడతారు, ఫారం 20 అంటారు దాన్ని. మీ ఊరి బూత్‌లో 2018, 2023 అంకెలు పక్కపక్కన పెట్టి చూడు. ఏ పార్టీకి ఎన్ని ఓట్లు తగ్గాయో, ఎన్ని పెరిగాయో కనపడుతుంది. నాయకులు ఆ కాగితం చాలా జాగ్రత్తగా చదువుతారు.

మీ బాపు విషయం. పట్టాల మీద కూర్చున్న మనిషి ఒక్క దరఖాస్తు తిరస్కరిస్తే మౌనంగా అయిపోడు, అంతకంటే పెద్ద దెబ్బలు తిన్న తరం అది. ఆ రోజు ఆ ఇంటి దగ్గర ఇంకేదో జరిగి ఉంటుంది. గేటు దగ్గర ఎవరో ఒక మాట అని ఉంటారు, లేదా ఆయన ఉద్యమంలో పనిచేశానని చెప్పుకుంటే తెలియనట్టు చూసి ఉంటారు. ఇలాంటివి నాకు చాలామంది పెద్దవాళ్లు చెప్పారు, చెప్పేటప్పుడు గొంతు పూడుకుపోయింది. కాబట్టి ఎవరికి వేశావు బాపూ అని ఇంక అడగకు. పొలం కాడ ఇద్దరే ఉన్నప్పుడు, 2021లో ఆ ఇంటికి పోయినప్పుడు నిన్ను ఎంతసేపు నిలబెట్టారు, ఎవరు మాట్లాడారు అని అడుగు. అడిగి ఆయన చెప్పేదాకా పక్కనే కూర్చో.